పూడ్చిన బావి లెక్క

నగరపాలక సంస్థ ఇచ్చిన పసుపు బూట్లు
నా పాదాలకు ఒక సైజు పెద్దవి.
ఎక్కడికెళ్లినా నాకంటే ముందు అవే చప్పుడు చేస్తాయి.

లుసాకా, కన్యామా పేట, జనవరి వాన.
ఇవాళ మా బండికి పదకొండు బావులు.
నిన్న తొమ్మిది పూడ్చాం,
ఒకటి రాత్రికి రాత్రే ఎవరో మళ్లీ తవ్వుకున్నారు.

నమకావు బావి లోతు మూడు నిలువులు.
మొగుడు తవ్వుతుంటే మట్టి తట్ట తనే లాగిందట.
మరుగుదొడ్డికీ దానికీ పద్నాలుగు అంగలు.
నేను కొలిచాక ఆమె మళ్లీ కొలిచింది,
చిన్న చిన్న అంగలేస్తూ.
"పందొమ్మిది. రాసుకో" అంది.

రాసుకున్నాను.
కంకర లారీ కూతలు పెడుతూ వెనక్కి వచ్చింది.

"ట్యాంకరొస్తుందమ్మా, రోజుకి రెండు సార్లు."
"నీ ట్యాంకరు నా కూతురికి తెలుసు.
దాని వరసలో నిలబడే కదా
మొన్న కడుపు పట్టుకుని కూలబడింది."
స్టేడియం డేరాల్లో మంచం నంబరు రెండొందల ఆరు.
తల్లిని గేటు దాకే రానిచ్చారు.

కంకర పడింది.
నీళ్లు ఒక్కసారి పైకొచ్చి
మా మొహాలు చూసి పోయాయి.
చేద మాత్రం ఆమె ఇవ్వలేదు.

రాత్రి నా చేతులనిండా క్లోరిన్ కంపు.
మొక్కజొన్న ముద్ద నోటిదాకా వచ్చి ఆగుతుంది.
మా ఆవిడ ఏమీ అనదు,
ఉప్పుడబ్బా మాత్రం కాస్త అవతలికి జరుపుతుంది.

ఫారంలో చివరి గడి: యజమాని సమ్మతి.
అక్కడేం రాయాలో పైవాళ్లు చెప్పలేదు.
పొద్దున ఆరింటికి బండి.
పన్నెండు బావులట.
పన్నెండోది నమకావుదేనేమో.