నాలుగో చన్ను

పంటు మీద పుట్టింది కాబట్టి దాని పేరు పంటు.
వరదేడు, లంకలో గొడ్లన్నిటినీ
ఏటిగట్టుకి దాటిస్తుంటే
వైనతేయ నడుమన ఈనింది తల్లి.
సరంగు ఇంజను జోరు తగ్గించాడు.
ఎర్రనీళ్ళ మీద మేమంతా కాసేపు
ఎటూ కాకుండా ఉన్నాం.
మా అత్త ధనకొండ కొంగుతో జిగురు తుడుస్తూ
"దీనికి నేలకంటే ముందు నీళ్ళు తెలిశాయే" అంది.

మా ఇంట్లో ఒక లెక్క ఉంది, ఏ పుస్తకంలోనూ రాయనిది.
మూడు చన్నులు మనవి, నాలుగోది దూడది.
కుడివైపు, వెనకది.
దాని మీద చెయ్యి పడితే
అత్త వంటింట్లోంచే దగ్గేది.
ఎలా తెలిసేదో.

అత్త పోయి మూడేళ్ళు.
తవుడు బస్తా ధర నాకంటే ముందే నిద్ర లేస్తోంది.
కొబ్బరితోటలో గడ్డి కోసుకోడానిక్కూడా
ఈ ఏడు కౌలు అడిగారు.
పాలకేంద్రంలో గనిరాజు మిషను
వెన్న మూడూ ఎనిమిది అంటుంది,
ఎర్ర అంకెలతో, మన ముఖం చూడకుండా.
సంఘం వాయిదా పదో తారీకు.
తొమ్మిదో తారీకు చీకట్లో
నా చెయ్యే వెళ్ళింది నాలుగోదాని మీదకి.
వంటింట్లో ఎవరూ దగ్గలేదు.

పంటుకి తెలిసిపోయింది. పాలు ఎగబీల్చుకుంది.

అప్పుడు మా ఆయన వీరాస్వామి
దాణా కొట్టునుంచి కాగితంలో చుట్టి తెచ్చాడు,
పేరు లేని గాజుబుడ్డి.
"గట్టు మీద అందరూ వేస్తున్నారు."
తొడకండలో చీమ కుట్టినంతసేపు.
రెండు నిమిషాల్లో పొదుగు వదిలేసింది,
తలుపు విరిగిన తూములాగా.
బిందె నిండింది.
వాయిదా కట్టాం.

చేపడం అనే మాట ఉంది మనకి.
దూడ మూతితో పొడిస్తే లోపలేదో కరిగి
కళ్ళు సగం మూసి తల్లి దించేది, అది చేపు.
అడిగితే రాదు, లాగితే రాదు.
మా సువర్ణ పసిగుడ్డుగా పక్కగదిలో ఏడిస్తే
ఇక్కడ నా రవిక తడిసేది.
అదేమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు.
బుడ్డిలోంచి వచ్చింది అది కాదు.

పదకొండోనాడు తెల్లారుజామున దూడని వదిలాను.
పొడిచింది. మళ్ళీ పొడిచింది.
పంటు దానివంక చూడలేదు,
నా చేతివంక చూసింది.
చూసి
తనే తొడ ఇటు తిప్పి నిలబడింది.

అంతే. ఇంకేం జరగలేదు.
ఎవరూ చావలేదు, వాన కూడా పడలేదు.
బుడ్డి తీసుకెళ్ళి పెంటకుప్పలో వెయ్యబోయి,
ఆ గత్తం చేలోకే కదా పోయేదని
మరుగుదొడ్డి గుంటలో వేశాను.

మర్నాడు అరలీటరు. ఆ మర్నాడు అదీ లేదు.
వీరాస్వామి బిందె మూత తీశాడు, పెట్టాడు,
మళ్ళీ తీశాడు.
నేను గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి
డొక్కకి నుదురు ఆనించి కూర్చున్నాను.
లోపలెక్కడో చాలా దూరాన
ఇంజను ఆగి ఆగి ఆడుతున్న చప్పుడు.
క్షమించమనలేదు.
గొడ్డుకి ఆ మాటెందుకు, గడ్డి వెయ్యాలి గాని.

ఆరోనాడు దూడ పొడిస్తే
వెనక కాలు కాస్త ఎడంగా పెట్టింది.

"ఏం నూకరత్నమ్మా, పాలు తగ్గాయి?" అన్నాడు గనిరాజు.
"మాది మూడు చన్నుల ఆవు బాబూ."
నవ్వి, రెండూ ముప్పావు అని రాసుకున్నాడు.
సంఘంలో ఆలస్యానికి జరిమానా యాభై.
తిట్టుకుంటూనే కట్టాను.

ఇప్పుడు సాయంత్రం పిండడం సువర్ణ నేర్చుకుంటోంది.
నేను పొయ్యి దగ్గర పులుసు కలుపుతున్నాను.
మూడు చన్నులూ అయ్యాక పాకలో ఒక్క క్షణం నిశ్శబ్దం,
తర్వాత చెంబులో ధార ఇంకోలా పలికింది,
కొంచెం సన్నగా, దొంగగా.

నిజమే. వినబడుతుంది.

దగ్గాను.