ఉప్పు కూర్చున్న చోట్లు

నగోయాలో ఒక రేకుల షెడ్డు.
ఇసోజి రబ్బరు ముద్దలో ఉప్పు కలుపుతున్నాడు
ఊరగాయ పెట్టేవాడిలా, చిటికె చూసి చిటికె.
ఉడికించి, వేణ్ణీళ్ళలో మూడు రాత్రులు నానబెట్టాడు.
ఉప్పంతా కరిగిపోయింది.
అది కూర్చున్న గుంటలు మిగిలాయి,
కంటికి ఆననంత చిన్నవి.
వాటికి సిరా తాగించాడు.

ఇంతకుముందు పదకొండు.
కారినవి, అలుక్కుపోయినవి,
పొయ్యి మీదే పేలి
సగం కనుబొమ్మ పట్టుకుపోయినది ఒకటి.
అది ఇప్పటికీ సరిగ్గా మొలవలేదు.

పన్నెండో ముద్ర మరదలు చినే చేతికిచ్చాడు.
తపాలా కిటికీ వెనక ఆమెకి ఇరవై రెండేళ్ళ సర్వీసు.
ప్యాడు మీద ఒకటి, కాగితం మీద ఒకటి,
ఎనిమిది వందల ఉత్తరాలకి పదహారు వందల దెబ్బలు.
మణికట్టు దగ్గర ఎప్పుడూ మందుపట్టీ వాసన.

ఒత్తింది. తేదీ పడింది.
మళ్ళీ. మళ్ళీ.
నూరోది కూడా మొదటిదంత నల్లగా.

"ఎలా ఉంది?"
"సగం పని ఎక్కడో మర్చిపోయినట్టుంది."

సాయంత్రం దాకా నిలబడి చూశాడు.
ప్యాడు తీసేసిన బల్ల మీద
ఉత్తరానికోసారి
ఆమె చెయ్యి ముందు ఆ ఖాళీనే తట్టి
ఆ తర్వాతే కాగితం మీదికొస్తోంది.

రాత్రి పుస్తకంలో రాసుకున్నాడు:
సిరా కుదిరింది.
చెయ్యి ఇంకా నానాలి.