కొక్కెం బరువు

ఏప్రిల్ చివర్న కూడా
సెయింట్ క్లెయిర్ నదిలో మంచుపెళ్లలు తేలుతూనే ఉన్నాయి.
ఆల్గొనాక్‌లో మా షెడ్డు తలుపు ఎత్తితే
ముందు రెసిన్ వాసన,
తర్వాత మా నాన్న లీలండ్ దగ్గు,
ఆ తర్వాత పడవ.

పద్దెనిమిది అడుగులు. పండుమిరప ఎరుపు.
ముక్కు దగ్గర రంగు పెచ్చులూడిన చోట పాత పసుపు.
అడుగున కత్తివాదరలా దిగిన గీత,
దాని చివర చిన్న చదును పలక.
వేగం అందుకున్నాక పడవంతా
ఆ పలక మీదే నిలబడుతుంది.

చలికాలమంతా డబ్బు అక్కడే పోశాం.
ఇంజనును అయిదున్నర అంగుళాలు వెనక్కి జరిపే ప్లేటు,
హైడ్రాలిక్ స్టీరింగు,
నాలుగు రెక్కల స్టీలు ప్రొపెల్లరు.
దాన్ని నాన్న తువ్వాల్లో చుట్టి
వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన పెట్టుకున్నాడు.
అమ్మ ఏమీ అనలేదు.
రొట్టెల డబ్బా జరిపింది.

వైర్లు నా వంతు.
ఎవడో టేపు చుట్టి దేవుడి మీద భారం వేసిన ముడులు,
లోపల రాగి పచ్చగా కుళ్లింది.
అన్నీ కోసేసి కొత్త తీగలు లాగాను,
బ్యాటరీని సీటు కిందనుంచి వెనక మూలకు మార్చాను.
ఒక్కో తీగ మీద పేరు రాస్తుంటే నాన్న నవ్వాడు.
"పడవలోకి నీళ్లొచ్చినప్పుడు చదువుకుంటూ కూర్చుంటావా, కొరిన్?"

మే రెండో వారం. నీళ్ల మీద చిన్న గరుకు.
అదే మంచిది,
మరీ నున్నగా ఉంటే నీళ్లు పడవను వదలవు.
నిరుడు డెబ్బై తొమ్మిది మైళ్లు.
ఈసారి డెబ్బై ఏడు.

మోకాలి ఆపరేషనుకని దాచినదాంట్లో సగం పోసి
రెండు మైళ్లు పోగొట్టుకున్నాం.
ఒడ్డున గాలం వేసుక్కూర్చున్న వాన్‌హెక్
"ప్లేటు భలే మెరుస్తోంది" అన్నాడు.
మెచ్చుకున్నాడో మొట్టాడో.

బోల్టులు వదులు చేసి ఇంజను అర అంగుళం లేపాం.
ఎనభై ఒకటి.
ఇంకో పావు. గేజిలో నీళ్ల ఒత్తిడి పడిపోలేదు.
ఎనభై నాలుగు,
అప్పుడు పడవ నడవడం మొదలుపెట్టింది.
ఎడమకి, కుడికి, ఎడమకి,
తాడు మీద మనిషిలా.
నేను చక్రం బిగబట్టాను. ఇంకా ఊగింది.
"ఊగాక దిద్దకు," చెవిలో అరిచాడు,
"ఊగబోయే ముందు దిద్దు."
ఊగబోయేది ఎలా తెలుస్తుందో చెప్పలేదు.
మూడోసారికి నా నడుముకే తెలిసింది.

ఇంటికెళ్లే దారిలో, యాభై దాటగానే,
ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి గుంజినట్టు.
అద్దంలో ఎర్ర ముక్కు ఇటు, అటు.
ఎదురుగా ఇసుక లారీ.
ఎలా ఆపానో తెలీదు.
రోడ్డు పక్క గడ్డిలో ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇంజను వెనక్కెళ్లింది. నా బ్యాటరీ వెనక్కెళ్లింది.
బరువు కూడా వాటి వెంటే వెళ్లింది.
పడవ లెక్కలన్నీ వేశాం,
బండి లెక్క ఎవరూ వేయలేదు.

ఆదివారం అమ్మ బాత్రూం తూకం తెచ్చి
ట్రైలరు కొక్కెం కింద పెట్టాం.
నూట పది పౌండ్లు. రెండొందలు ఉండాలి.
తుప్పు పట్టిన నట్లు మంటకి ఎర్రబడితేగాని కదల్లేదు.
ఇరుసు తొమ్మిది అంగుళాలు వెనక్కి,
దాంతోపాటు మడ్‌గార్డులు,
పడవ ఒరిగే దుంగలకి కొత్త తివాచీ.
బేరింగుల్లోకి గ్రీజు అరచేత్తో అదిమాను,
అటువైపు పొంగి వచ్చేదాకా.
ఈ పనిని ఎవరూ ఫొటో తీయరు.

జూన్. పోర్ట్ ఆస్టిన్ నుంచి రాత్రి తిరుగు ప్రయాణం.
పెట్రోలు బంకులో దిగి
హబ్ మీద చెయ్యి పెట్టాను, జ్వరం చూసినట్టు.
గోరువెచ్చన. రెండోదీ అంతే.
నాన్న మోకాలు చాపుకుని నిద్రపోతున్నాడు.
అద్దంలో ఎర్ర ముక్కు కదల్లేదు,
కాసేపటికి వెనక ఒకటుందన్న సంగతే మరిచాను.

కళ్లు తెరవకుండానే అడిగాడు:
"ఎంత?"
"యాభై అయిదు."