తొమ్మిది నెత్తిన గీత

ఈ వంతెన కట్టినవాళ్ళెవరో నాకు తెలీదు.
విప్పినవాళ్ళలో నేనొకణ్ణి.

పందొమ్మిది వందల అరవైమూడు, మార్చి.
ఆస్కిగిల్ లోయలో మంచింకా గొర్రెల వీపుల మీదే ఉంది.
లైను మూసేశారు. బొగ్గు లేదు, ఎక్కేవాడు లేడు,
తుక్కు టన్నుకింత అని లండన్‌లో ఎవరో సంతకం పెట్టారు.
మా మేస్త్రీ ఎనాక్ రెయిన్
టోపీ వెనక్కి తోసి పైకి చూశాడు.
"చివర పెట్టింది ముందు తియ్యాలి.
కట్టిన వరసకి ఎదురు వరస. అంతే."

నూట ఎనభై అడుగులు.
పన్నెండు కాళ్ళు, ఒక్కో కాలూ ఆరేసి గొట్టాల మోపు,
కింద ఎడంగా, పైకి పోనుపోను దగ్గరగా,
ఎదురుగాలికి కాళ్ళు బారజాపి నిలబడ్డ మనిషిలాగా.

గొట్టాలు పోత ఇనుము.
నెత్తిన ఎంత పెట్టినా కిక్కురుమనదు,
లాగావా, పటుక్కుమంటుంది.
వాటి మధ్య ఏటవాలు ఊచలు సాగగొట్టిన ఇనుము.
లాగినకొద్దీ బిగుసుకుంటుంది,
బరువెత్తమంటే నడుం వాలుస్తుంది.
ఒకదాని చేతకానితనం ఇంకోదానికి కొలువు.
ఇది నేను చదివి నేర్చుకోలేదు.
మొదటి ఊచ వదులు చెయ్యగానే
చుట్టూ ఉన్నవన్నీ ఒక్కసారి ఉలిక్కిపడితే
స్పానర్ లోంచి మోచేతికెక్కింది.

తుప్పు పొర గీకితే
లోపల అంచులు మర చదును చేసినవి చేసినట్టే ఉన్నాయి.
ఆకురాయి రుద్దిన జాడ ఒక్కటీ లేదు.
ఎక్కడో ముప్పై మైళ్ళ అవతల పోతపోసి,
గుర్రబ్బళ్ళ మీద బురదలో లాక్కొచ్చి,
గొట్టం మీద గొట్టం పెడితే
గిన్నె మీద మూతలా కూచున్నాయట.
ప్రారంభం రోజు ఆరు ఇంజన్లు తగిలించి నడిపితే
అర అంగుళం కుంగి, మళ్ళీ లేచిందట.
డైరెక్టర్లు వేటమాంసం తిన్నారట.
ఇంజనీరు పేరు ఇత్తడి పలక మీదుంది.
దాన్ని మా కంటే ముందే ఎవరో ఎత్తుకుపోయారు.

పటాలు స్టేషన్ గదిలో ఎలుకల పాలు.
గొట్టాల మీద పోతలోనే పోసిన అంకెలే మాకు దారి.
ఏడో కాలు దగ్గర చిక్కొచ్చింది:
రెండు తొమ్మిదులున్నాయి. ఆరు లేదు.

పొద్దున్నంతా వాదన.
కత్బర్ట్ ఏదో ఒకటి తీసెయ్యమంటాడు.
తప్పుది తీస్తే మిగతావి మన మీదికొస్తాయంటాడు ఎనాక్.
టీ చల్లారింది.
నేను మరో బోల్టు కోసం తాడుకి తలకిందులుగా వేలాడి
అడుగునించి చూశాను.
రెండో తొమ్మిది ఆరయింది.

అచ్చులో అంకెని తిరగేసి పెట్టారు, వందేళ్ళ కిందట,
బహుశా సోమవారం పొద్దున, తాగింది దిగని చెయ్యి.
ఇంకెవరో చూసుకున్నారు.
చూసుకుని, ఉలి పెట్టి, తొమ్మిది నెత్తిన
వంకరగా ఒక గీత కొట్టారు.
"ఇటు కాదు, అటునించి చదువు" అని.
నాకే చెప్పినట్టు.

ఆ చెయ్యి ఎవరిదో జీతాల పుస్తకంలో ఉండదు.
గీతకి కూలి కట్టరు.
వేలు పెట్టి తడిమాను. అంచు ఇంకా గరుకుగానే ఉంది,
నిన్న కొట్టి అన్నానికి వెళ్ళినట్టు.

ఆ గొట్టానికి గొలుసు కట్టింది నేనే.
టీసైడ్ కొలిమికి వెళ్ళిపోయింది, అన్నిటితో పాటు.
దాచుకుందామనుకోలేదా అంటే, అనుకున్నాను.
అర టన్ను.

ఇప్పటికీ మేకుల డబ్బా మీద ఆరు రాస్తే
కింద గీత గీస్తాను.
మా ఆవిడ ఎందుకని అడగడం మానేసింది.

చివరి కాలు దింపిన రోజు
గుట్ట మీది ఫారం నించి టామర్ థ్వైట్ దిగొచ్చింది.
ఎనభై దాటిన మనిషి, చేతిలో ఖాళీ బుట్ట.
"గాలి ముదిరే ముందు ఇది సన్నగా మూలిగేది.
అది విని ఆరేసిన బట్టలు తెచ్చుకునేదాన్ని.
ఇకమీదట నాకెవరు చెప్తారు?"

ఎనాక్ టోపీ తీశాడు, ఏమీ అనలేదు.
లోయలో గాలి దేనికీ తగలకుండా పోతోంది.

ఆ శనివారం ఆవిడ దుప్పట్లు రెండు
కొండ దాటి పోయాయని విన్నాను.