పితికిపప్పు

మార్గశిరపు మంచు ఇంకా వీధి దీపాలకే వేలాడుతుండగా
పెనుమూరు తొలి బస్సులోంచి దిగుతాయి అనపకాయలు.
మూట విప్పకముందే వాసన తెలిసిపోతుంది.
తడిసిన మట్టీ పచ్చి నెయ్యీ కలిసినట్టు...
కాదు, అట్లా కాదు.
ఆ వాసనకి అనపకాయ అనే పేరు తప్ప ఇంకో పేరు లేదు.

చెంగమ్మ గోనెపట్ట పరిచి తక్కెడ సరిచేసుకుని
"మంచు తాగిన కాయ మే, గిల్లి చూడు" అంటుంది.
గిల్లుతాను. గోటికి బంక అంటుతుంది.
"కేజీ ఎనభై."
"నిన్న అరవయ్యే కదా?"
"నిన్న మంచు పళ్లేదు."
చిత్తూరు మార్కెట్లో మంచుకి కూడా రేటుంటుంది.

రెండు కేజీలు, కొసరు పిడికెడు.
నాలుగు వంకాయలు, కట్ట కొత్తిమీర,
చెవి దగ్గర ఊపి ఏరుకున్న టెంకాయ.
పోయిన నెలదాకా ఈ సంచిలో
నూనె ప్యాకెట్లూ అప్పడాలూ పిల్లోడి చిప్సూ వచ్చేవి.
పోయిన నెల ఢిల్లీబాబుకి షుగరు రెండొందల తొంభై ఆరు.
కాగితం మడిచి జేబులో పెట్టుకుని
"మిషనే తప్పు చూపించి ఉంటాది" అన్నాడు,
లారీల మీటర్లు రిపేరు చేసే మనిషి.

అన్నం తగ్గించమనింది డాక్టరమ్మ.
మా ఇంట్లో అన్నం తగ్గించడమంటే
మనిషిని పస్తు పెట్టినట్టే లెక్క.
మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
మూడో రోజు అటక మీంచి సంగటికట్టె తనే దింపించి,
బూజు తుడిచి, గోడకి ఆనించి వెళ్లిపోయింది.
ఏమీ చెప్పలేదు.

కాయలు వొలిచి, గింజలు నానబోసి
జెరాక్స్ అంగడికి పనికి పోయాను.
సాయంత్రానికి అవి ఉబ్బి, తోళ్లు వదులై,
ఎవరైనా నొక్కితే చాలన్నట్టున్నాయి.

నట్టింట్లో స్టీలు బేసిను, చుట్టూ నలుగురం.
పితకడానికి బలం పనికిరాదు.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ గింజని పట్టి
వెనక నుంచి కొంచెం నొక్కాలి, అంతే.
తోలు వేళ్లలో మిగులుతుంది, పప్పు ఎగురుతుంది.
ఢిల్లీబాబు మొదటి పప్పు ఫ్రిజ్ కిందికి పోయింది.
రెండోది మా అత్త కళ్లద్దాలకి తగిలింది.
"ఇంజన్లు విప్పే చేయిరా అది! గింజ ముందర ఓడిపాయె"
అని ఆమె నవ్వితే
పైవరసలో పన్ను ఊడిన చోటు కనబడింది.
పండగనాడు కూడా అంత నవ్వదు.

తేజు ఫోను రెండుసార్లు మోగింది.
వాడి చేతులు తడి. మోగి మోగి ఊరుకుంది.
"అవ్వా, మీ కాలంలో దీనికి మిషన్ లేదా?"
"ఎందుకు లేదు? పదకొండు మందిమి."

రెండు కేజీల కాయకి
తోళ్లు గంపెడు, పప్పు సోలెడు.
ఈ లెక్క ఏ అంగట్లోనూ గిట్టదు.

టెంకాయా ధనియాలూ ఎండుమిరపకాయలూ రెండు లవంగాలూ
రోట్లో కాదు, మిక్సీలోనే వేశాను, అబద్ధమెందుకు.
పక్క పొయ్యి మీద అత్త
ఎసట్లో పిడికెడు నూక వేయబోయి, ఆగి,
సగం మళ్లీ డబ్బాలోనే పోసింది.
ఆ పైన రాగిపిండి.
నేను చూడనట్టే కూర కలిపాను.

తినడానికి పట్టింది పన్నెండు నిమిషాలు.
ముద్దలో గుంట చేసి, కూర పోసుకుని,
కాలిన వేళ్లు విదిలించుకుంటూ
ఎవరూ మాట్లాడలేదు.
ఢిల్లీబాబు మాత్రం అలవాటుగా అన్నం గిన్నె కోసం చూశాడు.
లేదు.
ఇంకో సగం ముద్ద అడిగాడు.
కోపంగానే.

షుగరు తగ్గుతుందో లేదో నాకు తెలీదు,
వచ్చే నెల కాగితం చెప్తుంది.
దీపం ఆర్పాక నా పక్కన అతని చేయి.
ఇరవై ఏళ్లుగా ఆ చేతికి డీజిలు వాసన,
సబ్బుకీ సున్నిపిండికీ లొంగనిది.
ఈ పొద్దు దాని మీద ఇంకో వాసన,
పొద్దున బస్సు దిగినదే.

రేపు తోటకూర తెస్తాను.
దానికింత పని ఉండదు.