అల్లంవారు

శాంతినగర్ బస్టాండు మేడమీద
విదేశీయుల ఆఫీసు. మా టోకెను నలభై ఏడు.
కింద బస్సులు వెనక్కి తీయిస్తున్న విజిళ్ళు.
పైన కాగితాలు ఎగిరిపోకుండా
గుమాస్తా వాటిమీద తన టిఫిను డబ్బా పెట్టుకున్నాడు.

"ఇందులో సర్‌నేం ఏది? ముందుదా, వెనకదా?"
కన్నడంలో అడిగాడు, అతన్ని కాదు, నన్ను.
ముందుదే సార్. జియాంగ్ ఇంటిపేరు, వెయ్‌తావ్ పేరు.
"మరి టికెట్లో తిరగబడి ఉందే?"
తిరగబడింది టికెట్టు సార్,
మనిషి కాదు.

మా ఇంట్లో ఈ సంగతి ఎవరికీ విప్పిచెప్పక్కర్లేకపోయింది.
మొదటిసారి రామమూర్తినగర్ తీసుకెళ్ళినప్పుడు
నాయనమ్మ కళ్ళజోడు తుడుచుకుని
"ఇంటిపేరేంటబ్బాయ్?" అంది, ఇంకేమీ అడక్కుండా.
అతను అరచేతిలో వేలితో గీసి చూపించాడు.
పాత అర్థం ఏదో వేరే ఉందట,
ఇప్పుడు రాసే అక్షరం మాత్రం అల్లానిదేనట.
"అల్లంవారా!
తెనాలి వైపు ఉన్నారే అల్లంవారు, మీకేమవుతారు?"

మేం మిరియాలవారం.
ఆ పూట ఇల్లంతా నవ్వింది, నాన్న తప్ప.
నాన్నకి మూడు నెలలు పట్టింది.
గుయిజౌ కొండల్లో పుట్టినవాడు
గోంగూర పచ్చడికి కన్నీళ్ళు పెట్టుకోకపోవడం చూసి
"ఇంకాస్త వెయ్యవే" అన్నాడు అమ్మతో, అటు తిరిగి.

పిల్ల పుట్టింది.
అసలు పేరు ఆస్పత్రి కాగితంలో ఉంది,
ఇంట్లో మాత్రం కషాయం.

ఈ ఏడు వాళ్ళమ్మకి డెబ్బై.
మనవరాలిని ఫోనులో తప్ప చూడలేదు.
ఇతని వీసా పొడిగింపేమో పరిశీలనలో ఉంది.
ఇప్పుడు దేశం దాటితే దరఖాస్తు పోతుందేమో,
పోదేమో. నోటితో చెబుతారు, రాసివ్వరు.
చివరికి చైనావాడు బెంగుళూరులో ఉండిపోయాడు,
చైనాకి నేను బయల్దేరాను.

స్టాంపు కాగితం మీద నోటరీ ముందు
"ఈ పిల్ల తండ్రినైన నేను ఈ ప్రయాణానికి ఒప్పుకుంటున్నాను"
అన్న వాక్యం రెండుసార్లు చదువుకుని
సంతకం పెట్టాడు, ఇంటిపేరు ముందు.

దేవనహళ్ళి, రాత్రి రెండు గంటలు.
"తండ్రి ఏడి?" అన్నాడు ఇమిగ్రేషనాయన.
బయట ఉన్నారు.
"దేశం బయటా?"
గేటు బయట సార్.
ఆయన కాగితం వెలుతురుకి పట్టి చూశాడు,
దొంగనోటు చూసినట్టు.
కషాయం బల్లమీదికి గడ్డం ఆనించి
"మా నాన్న అక్కడే ఉన్నాడు, చెయ్యి ఊపుతున్నాడు" అంది.
అక్కణ్ణించి గేటు కనబడదు.
ఠప్పున ముద్ర పడింది.

రెండు విమానాలు, ఒక రైలు,
ఆడపడుచు నడిపే కూరగాయల బండి.
గుమ్మంలో అత్తగారు ఒక చీటీ చూసుకుంటూ
ఒక్కో అక్షరం విడదీసి పిలిచింది:
"మి-లి-యా-లా, సు-వా-చా-లా."
హిందూపురం బళ్ళో హాజరుపట్టీ తర్వాత
ఇంటిపేరు ముందుపెట్టి నన్నెవరూ పిలవలేదు.
"ఉన్నాను టీచర్" అనబోయి
ఆగాను.

ఆమె ఇచ్చిన గిన్నెలో వేడినీళ్ళు, నల్లబెల్లం,
గొంతు కోసుకుపోయేంత అల్లం.
మిరియాలు లేవు.

"వాడెప్పుడొస్తాడు?"
ఆ ప్రశ్న అర్థమయ్యేంత చైనీసు నాకు వచ్చు.
పరిశీలనలో ఉంది అనేంత రాదు.
ఫోను కలిపిచ్చాను.
తెరమీద అతని చెవి, తలుపు, సీలింగు ఫ్యాను,
అంతలో అతన్ని పక్కకి నెట్టి నాయనమ్మ:
"మావాడు బాగానే తింటున్నాడమ్మాయ్!
నిన్న నాలుగు గారెలు!"
ఇటునుంచి అత్తగారు అంతకన్నా గట్టిగా
ఏదో అంది. అటునుంచి మళ్ళీ ఆమె.
ఎవరూ ఎవరికోసమూ ఆగడం లేదు.
మధ్యలో కషాయం కూచుని
ఆమె మాట ఈమెకి, ఈమె మాట ఆమెకి
అన్నీ తప్పుతప్పుగా చేరవేస్తోంది.
గారెలు ఎనిమిదయ్యాయి.

నేను దిద్దలేదు.
ఫైలు సంగతి ఇంకెవరూ అడగలేదు,
అడిగినా నా దగ్గరున్నది ఒక నంబరే.