ఆరూపావు, ఆరూముప్పావు

మొబ్బులోనే వచ్చేస్తారు పిలకాయలు.
మెసానికల్ గ్రౌండు గోడకు ఫోను ఆనించి
సముద్రాల అవతల రాత్రి జరిగే ఆటను
చిత్తూర్లో పొద్దున్నే చూస్తారు.

నేను పల్పు ఫ్యాక్టరీ డబ్బాలో పెయింటు కలుపుతా ఉంటా.
ఒకప్పుడు ఇందులోనే సున్నం కలిపినా.
ఇన్నేళ్ళయినా అడుగున
తోతాపురి వాసన పోలేదు.

"నాలుక బయటపెట్టి గాల్లో నిలబడినోడే గొప్ప"
అంటాడు దిలీపు.
"నిలబడితే ఏందిరా? మావోడు మధ్యగీత దాటంగానే వేసేస్తాడు,
పడిందా లేదా అని కూడా చూడడు,
వెనక్కి తిరిగి పోతా ఉంటాడు"
ఇది గిరింపేట అబ్బోడు.
కళ్ళద్దాల పిల్లోడు మెల్లగా అడిగినాడు:
"ఒకే రాత్రి వంద కొట్టినాయన సంగతో?"
"వీడియో చూపీ."
"లేదు."
"అయితే కొట్టలేదు పో."

నా చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

వీడియో లేదు గాబట్టి
ఖాదర్ వలీ కూడా బంతి పట్టలేదు.
డిపోలో గ్రీజు చేతులు కిరసనాయిల్తో కడిగి,
టైరు చెప్పులు గోడ పక్కన ఇడిచి,
ఒట్టి కాళ్ళతో
మట్టి కోర్టులోకి ఎప్పుడూ దిగలేదు.

పొట్టోడు. లోపలికి పోతే మోచేతులు.
అందుకని ఆ మూల నించి, దూరం నించి వేసేవాడు.
అంత దూరం నించి ఎందుకురా అని కోచ్ సారు తిట్టేవాడు.
ఎంత దూరం నించి వేసినా అప్పుడు రెండే.
రింగుకు వల లేదు.
లోపలినించి పోయిందో, పక్కనించి పోయిందో
తగువొస్తే నన్ను పిలిచేవాళ్ళు.
గోడ మీద కూర్చున్న నిక్కరు పిల్లోడు నేను,
నా మాటే సాక్ష్యం.
వేలూరు జట్టు మీద ఆ మాపటేల
పద్నాలుగు సార్లు "పడింది" అన్నా.
ఒకటి మాత్రం
ఇప్పటికీ నాకు అనుమానమే.

మిషన్ ఆస్పత్రి ఎస్తేరు సిస్టరుకు
ఆ సాక్ష్యం కూడా లేదు.
నైట్ డ్యూటీ దిగి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి
ఎడంచేత్తో వేసేది.
ఆడోళ్ళ ఆటకు లెక్క రాసే మనిషిని
ఎవురూ పెట్టలేదు.

ఇంక కొన్నేళ్ళకు కొత్త రూలు కాగితం వచ్చింది.
మేకు కొట్టి, దారం కట్టి
ఆరూపావు మీటర్లకు వంపు గీస్తి.
ఈ గీత అవతలనించి వేస్తే మూడంట.
సైకిలేసుకోని పొయ్యి ఖాదర్ను పిలుచుకొస్తి.
అప్పటికే మోకాలు పొయ్యింది ఆయనకు.
కుంటుతా వచ్చి తన మూలలో నిలబడినాడు.
గీత కంటే రెండడుగులు అవతల.
కిందికి చూసినాడు, రింగు దిక్కు చూసినాడు.
"పాతవాటికి కూడా కలిపిస్తారా అబ్బా?"
అని నవ్వినాడు.
నాకు మాత్రం నవ్వు రాలేదు.

గీత మళ్ళీ జరిగింది. ఆరూముప్పావు.
పాతది చెరిపెయ్యమన్నారు, చెరిపినా.
అయినా ప్రతి వానకూ పైరంగు పొరలు లేచి
దాని వంపు కింద కనపడతానే ఉంటాది.
రెంటికీ మధ్య మూరెడు.
మూరంటే ఎవురి మూర?
గాంధీ బొమ్మ కాడ పూలమ్మే కుప్పమ్మ
మోచెయ్యి వంచి కొలిస్తే ఒకటి,
ఆమె కోడలు కొలిస్తే ఇంకొకటి.
కొనేవాళ్ళకు తెలుసు ఈ సంగతి,
అయినా మూర లెక్కనే అడుగుతారు.

"తాతా, నువ్వు చెప్పు, ఎవురు గొప్ప?"
ముగ్గురూ నా దిక్కే చూస్తా ఉండారు.
ఫోన్లో ఎవురో ఎగిరి
ఆడే ఆగిపోయి ఉండాడు.

"తడి ఆరలేదు, తొక్కబాకండి" అంటిని.

కళ్ళద్దాల పిల్లోడు చుట్టూ తిరిగొచ్చి,
పాత గీత తేలిన తావులో
బొటనవేలు ఆనించి వేసినాడు.
నైలాను వల సుయ్యిమనింది.
పడిందా అని
నన్నెవురూ అడగలేదు.